‘మరుగున పడిన సైకెడెలిక్ రికార్డులు’ పంపే క్లబ్బుకు చందా కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

సోషల్ మీడియాలో కొన్నాళ్లుగా ఒక పేజీ తిరుగుతోంది. ప్రపంచంలో ఎవరూ వినని అండర్‌గ్రౌండ్ సైకెడెలిక్ (మత్తు కలలా తోచే అరవైల నాటి రాక్ బాణీ), ఇండీ పాప్ (పెద్ద కంపెనీల అండ లేని పాప్) బృందాలను తవ్వితీసి, రెండు నెలలకొక ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు) చొప్పున ఏడాదికి ఆరు ఇంటికి పంపుతామని ప్రకటన. చందా 21,000 రూపాయలు. మొత్తం ముందే కట్టాలి, అదీ కార్డుతో కాదు, యూపీఐ ద్వారా ఒక వ్యక్తి నంబరుకు. పేజీ పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఇలాంటివారికి పేరు మార్చుకోవడం ఒక పూట పని. పేరు కంటే ఆనవాళ్లే మీకు ఎక్కువ పనికొస్తాయి.

నాకు వచ్చిన మొదటి పార్శిల్ న్యూజీలాండ్ సరుకట. క్రికెట్ చూసేవారికి డునెడిన్ అనే ఊరు తెలిసే ఉంటుంది. ఇండీ పాప్ వినేవారికి అది వేరే కారణంగా పుణ్యక్షేత్రం. ది క్లీన్, ది చిల్స్, ది వెర్లైన్స్ లాంటి బృందాలు 1980లలో అక్కడి నుంచే వచ్చాయి. గణగణలాడే గిటార్లు, వెనక సాగదీసిన ఆర్గన్, అరవైల నాటి సైకెడెలియా వాసన కలిసిన ఆ ధ్వనికి ‘డునెడిన్ సౌండ్’ అనే పేరే స్థిరపడింది. వాటిని లోకానికి అందించిన ఫ్లయింగ్ నన్ అనే చిన్న కంపెనీని రోజర్ షెపర్డ్ అనే రికార్డుల దుకాణం ఉద్యోగి క్రైస్ట్‌చర్చ్‌లో మొదలుపెట్టాడు. ఆ ఏడాదే ది క్లీన్ విడుదల చేసిన తొలి సింగిల్ న్యూజీలాండ్ అమ్మకాల పట్టికలో 19వ స్థానానికి ఎక్కింది. ఇలాంటి చరిత్ర ఉన్న ఊరి పేరు చెబితే ఎవరికైనా చెవులు నిక్కబొడుచుకుంటాయి. అమ్మేవారికీ ఆ సంగతి బాగా తెలుసు.

రికార్డుతో పాటు మందపాటి కాగితం మీద అచ్చేసిన ఒక కథ వచ్చింది. నలుగురు విద్యార్థులు. 1978 డిసెంబరు చలిలో వణుకుతూ, ఒక షెడ్డులో, పోర్టాస్టూడియో అనే నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద పాటలు రికార్డు చేశారు. 1979లో ఆ టేపును ఫ్లయింగ్ నన్ తిరస్కరించింది. గుండె పగిలి బృందం విడిపోయింది. టేపు నిన్నమొన్న ఒక అటక మీద దొరికింది.

చదవడానికి కమ్మగా ఉంది. కాని డిసెంబరులో డునెడిన్‌లో ఎండాకాలం. టియాక్ కంపెనీ పోర్టాస్టూడియోను బజారులోకి తెచ్చింది 1979లో. ఇక ఫ్లయింగ్ నన్ పుట్టింది 1981లో. పుట్టని కంపెనీ ఎవరిని తిరస్కరిస్తుంది? ఒక్క పేరాలో మూడు అబద్ధాలు. నాలుగోది అట్ట మీదే ఉంది. పాత ఫొటోలా మసక చేసిన ఆ బొమ్మలో గిటారు పట్టుకున్న కుర్రవాడి ఎడమ చేతి ఉంగరపు వేలు తీగల్లోకి కరిగిపోయింది. గిటారు తలకట్టుకు ఒక పక్క మూడు, మరో పక్క అయిదు మరలు. తీగలు మాత్రం ఆరే.

తర్వాత డిస్కు. పలుచగా, గాజులా పారదర్శకంగా ఉంది. అచ్చులో ఒత్తిన వినైల్ రికార్డుకు అంచు దగ్గర, మధ్య లేబుల్ దగ్గర కొద్దిగా ఎత్తు ఉంటుంది, లేబుల్ కాగితం ప్లాస్టిక్‌తో పాటే ఒత్తుకుపోయి ఉంటుంది. దీనికి ఆ ఎత్తే లేదు, పలకలా చదునుగా ఉంది. లేబుల్ స్టిక్కరులా అంటించారు, గోరు పెడితే లేచింది. ఆఖరి పాటకూ లేబుల్‌కూ మధ్య ఉండే ఖాళీ వలయంలో సాధారణంగా మ్యాట్రిక్స్ నంబరు చెక్కి ఉంటుంది. ఏ ప్లేటు నుంచి, ఎన్నవ కోత నుంచి ఆ ప్రతి వచ్చిందో చెప్పే గుర్తు అది. ఇక్కడ ఆ వలయం నున్నగా, బోడిగా ఉంది.

అంటే ఇది లేత్ కట్. కర్మాగారంలో స్టాంపర్ అనే అచ్చుతో ఒత్తింది కాదు, ఖాళీ ప్లాస్టిక్ పలక మీద ఒక్కో ప్రతినీ విడిగా కోసింది. ఇరవై నిమిషాల పక్క కొయ్యడానికి ఇరవై నిమిషాలూ పడుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. లేత్ కట్ దానంతట అది మోసం కాదు. అదే న్యూజీలాండ్ దక్షిణ దీవిలో, జెరల్డీన్ అనే చిన్న ఊళ్లో పీటర్ కింగ్ అనే ఆయన దశాబ్దాలుగా పాలీకార్బొనేట్ పలకల మీద రికార్డులు కోసి ఇచ్చారు. వందలకొద్దీ అచ్చు వేయించే స్తోమత లేని బృందాలకు ఇరవై, యాభై ప్రతులు చేసుకునే దారి అది. అలాంటి రికార్డు కొనేవారికి ముందే తెలుసు, శబ్దం కాస్త తక్కువగా ఉంటుందని, కింది స్వరాలు పలుచగా ఉంటాయని, గీరుడు చప్పుడు ఎక్కువగా వినిపిస్తుందని. తెలిసే కొంటారు, ఇష్టంగా కొంటారు. నాకు అమ్మిన ప్రకటనలో ఉన్నది ‘180 గ్రాముల వినైల్’. వంటింటి తూకం మీద పెడితే వంద గ్రాములు కూడా లేదు.

పాటల సంగతి. మొదటిసారి వింటే బాగానే ఉన్నాయి, అదే చిక్కు. రెండోసారికి తేడా తెలుస్తుంది. తాళపు చప్పుడు వెనక నీళ్లలో ఊగినట్టు ఒక లోహపు మిలమిల. ‘స’, ‘ష’ వచ్చిన చోటల్లా గొంతు అలుక్కుపోతుంది. డునెడిన్ కుర్రాళ్లు పాడితే న్యూజీలాండ్ యాస దాచినా దాగదు. ఇక్కడి గొంతుది ఏ ఊరిదీ కాని మెత్తని అమెరికన్ యాస. ఒకే గాయకుడని కాగితం చెబుతున్నా, రెండో పక్కకు వచ్చేసరికి గొంతు మారిపోయింది. సాహిత్యం నిండా ప్రతిధ్వనులు, నీడలు, నియాన్ దీపాలు. ఒక మనిషి పేరు లేదు, ఒక వీధి పేరు లేదు.

రికార్డుతో పాటు డౌన్‌లోడ్ కోడ్ ఇచ్చారు, మాస్టర్ టేపు నుంచి తీసిన వేవ్ (కుదించని శబ్దపు) ఫైలు అని. దాన్ని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ స్వరం ఎంత ఉందో చూపే బొమ్మ, చూశాను. పదహారు కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు శబ్దం తెగిపోయింది. పాత టేపులో పై స్వరాలు క్రమంగా సన్నగిల్లుతాయి, ఇలా కత్తితో కోసినట్టు ఆగవు. అది నాసిరకం ఎంపీ3 ఆనవాలు. దాన్నే వేవ్‌గా మార్చి, డిస్కు మీదికి ఎక్కించి, టేపు అని అమ్మారు. ఈ పాటలు కృత్రిమ మేధతో చేసినవని నేను కోర్టులో రుజువు చేయలేకపోవచ్చు. 1978 నాటి క్యాసెట్ కాదని మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.

అడిగితే వచ్చిన జవాబులు వినండి. గీరుడు చప్పుడు ఎందుకంటే ‘అనలాగ్ వెచ్చదనం సార్’. బరువు సంగతి అడిగితే ‘కవరుతో కలిపి చెప్పాం’. ఫ్లయింగ్ నన్ 1981లో కదా పుట్టింది అంటే ‘కథను కథలా ఆస్వాదించాలి, మేం వ్యాపారులం కాదు, సంగీత సేవకులం’. సేవకులకు ముందుగా ఏడాది చందా ఎందుకో అని అడిగాక జవాబులు ఆగిపోయాయి. పేజీలో నేను రాసిన వ్యాఖ్య కూడా మాయమైంది.

కల్పిత బృందాలు ఈ సంగీతానికి కొత్త కావు. ఎక్స్‌టీసీ అనే బ్రిటిష్ బృందం 1985 ఏప్రిల్ 1న, ‘డ్యూక్స్ ఆఫ్ స్ట్రాటోస్ఫియర్’ అనే దొంగ పేరుతో అరవైల నాటి సైకెడెలిక్ బాణీలో ఒక రికార్డు వదిలింది. అది సరదా, విడుదల తేదీలోనే కన్ను గీటింది. పైగా ఆ వాయిద్యాల వెనక చేయి తిరిగినవాళ్లు ఉన్నారు. ఇప్పటి సంగతి వేరు. 2025 జూన్‌లో స్పాటిఫైలో ‘వెల్వెట్ సన్‌డౌన్’ అనే సైకెడెలిక్ రాక్ ‘బృందం’ ప్రత్యక్షమై కొద్ది వారాల్లోనే నెలకు పది లక్షల మందికి పైగా శ్రోతలను సంపాదించింది. గొడవ ముదిరాక, తమది కృత్రిమ మేధ సాయంతో నడిచే సింథటిక్ ప్రాజెక్టు అని పరిచయంలో రాసుకున్నారు. తమకు రోజూ వచ్చే కొత్త పాటల్లో మూడో వంతు, అంటే సుమారు 50,000, పూర్తిగా యంత్రం చేసినవేనని డీజర్ అనే ఫ్రెంచ్ స్ట్రీమింగ్ సంస్థ అదే ఏడాది నవంబరులో ప్రకటించింది. సైకెడెలిక్ అభిమానులకే ఈ గాలం ఎక్కువగా ఎందుకు తగులుతుందంటే, మనకు గరగర, మసక, అడ్రసు లేకపోవడం లోపాలుగా తోచవు, ఆకర్షణలుగా తోస్తాయి. ‘ఎవరికీ తెలియదు’ అన్న మాటే మనకు సిఫారసు. ఆ మాట చాటున ఏ చెత్తనైనా అమ్మవచ్చు.

ఇంకొక సాకు కూడా కొందరు అమ్మకందారుల నోట వినిపిస్తుంది: ‘పాత రికార్డులకు యూరప్‌లో కాపీరైట్ తీరిపోయింది, అందుకే మేం వేసిన ప్రతి చట్టబద్ధమే.’ యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన సవరణతో సౌండ్ రికార్డింగుల గడువు 50 నుంచి 70 ఏళ్లకు పెరిగింది. 1963కు ముందు విడుదలై అప్పటికే గడువు తీరినవాటికి మాత్రం అది వర్తించలేదు. సైకెడెలిక్ సంగీతం ఊపందుకున్నదే 1966 తర్వాత. కాబట్టి ఈ సాకు జాజ్ రికార్డులు అమ్మేవారికి పనికొస్తుందేమో గాని, మన సరుకుకు పనికిరాదు.

మరి నిజంగా కొత్తవాటిని ఎలా వెతుక్కోవాలని అడుగుతారు. డునెడిన్ సంగతే అయితే ఫ్లయింగ్ నన్ ఇంకా బతికే ఉంది. పెద్ద కంపెనీల చేతుల్లోకి వెళ్లినదాన్ని షెపర్డ్ 2009లో తిరిగి కొనుక్కున్నాడు. బృందాలు నేరుగా పాటలు, రికార్డులు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైటులో వారి పేజీ ఉంది. న్యూజీలాండ్ సంగీత చరిత్రకు ఆడియోకల్చర్ అనే ఉచిత వెబ్‌సైటు ఉంది. కనీసం కంపెనీ ఎప్పుడు పుట్టిందో చూసుకోవడానికి అది చాలు. బృందం పేరు డిస్కాగ్స్‌లో, అంటే విడుదలైన రికార్డుల వివరాలు నమోదయ్యే వెబ్‌సైటులో, కొట్టి చూడండి. కొత్త బృందమైతే అక్కడ లేకపోవచ్చు, అది తప్పు కాదు. నలభై ఏళ్ల నాటి బృందమైతే వాయించినవాళ్లలో ఒక్కరి పేరైనా మరో రికార్డు మీద, మరో కచేరీ కరపత్రం మీద కనిపించాలి. చిన్న ఊళ్లో డ్రమ్ములు కొట్టేవాడు ఎప్పుడూ నాలుగు బృందాల్లో ఉంటాడు. నాకు వచ్చిన కాగితంలోని నలుగురూ ఎక్కడా లేరు.

బ్యాండ్‌క్యాంప్ గురించి ఒక మాట. డిజిటల్ అమ్మకాల్లో అది తీసుకునే వాటా 15 శాతం, వస్తువుల మీద 10 శాతం. కొన్ని శుక్రవారాల్లో ఆ వాటానూ వదులుకుంటుంది. 2026 జనవరిలో, పూర్తిగా గాని ప్రధానంగా గాని కృత్రిమ మేధతో చేసిన సంగీతాన్ని అనుమతించబోమని ప్రకటించింది. జల్లెడ ఎంత సన్ననిదో చూడాలి. అయినా నేరుగా బృందానికే డబ్బు వెళ్లే చోటు, ముందు విని తర్వాత కొనే చోటు అది. విదేశాల నుంచి ఎల్పీ తెప్పిస్తే కస్టమ్స్ సుంకం రికార్డు ధర మీదే కాక రవాణా ఖర్చు కలిపి వేస్తారు, లెక్క చూసుకోండి. మన దేశంలోనే కోల్‌కతా నుంచి పారేఖ్ అండ్ సింగ్, ఢిల్లీ నుంచి పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ (పేరు అలా ఉన్నా బృందమే) లాంటివారు ఉన్నారు. అన్వేషణ అంటే దక్షిణ ధ్రువం దాకా పోనక్కరలేదు.

ఇక ఇప్పటికే డబ్బు కట్టినవారికి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ పేజీలో ఒక ఫోన్ నంబరు, ఒక సూర్యాస్తమయం బొమ్మ తప్ప ఏమీ లేవు. నేను 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించాను. మోసం జరిగిందని తెలిసిన వెంటనే అయితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చేయండి. డబ్బు ఆ ఖాతాలోనే ఉంటే ఆపే అవకాశం ఉంటుంది. యూపీఐలో మనమే పిన్ కొట్టి పంపిన సొమ్ము కార్డు చెల్లింపులా సులభంగా వెనక్కి రాదు.

తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఒకే రకంగా నష్టపోయినవారు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయడానికి 2019 చట్టం వీలు ఇస్తోంది. కాబట్టి ఆ పేజీ నుంచి మీకూ ఇలాంటి పారదర్శకమైన డిస్కు వచ్చి ఉంటే కథ కాగితం, పార్శిల్ మీది చీటీ, యూపీఐ రసీదు, తూకం మీద పెట్టిన ఫొటో భద్రపరచి నాకు రాయండి. రికార్డును మాత్రం ఎక్కువసార్లు వేయకండి. ముల్లు అరుగుతుంది, దాని ధర వేరే.