56 సైజు రోడ్ బైక్‌తో ఏడాది, 52తో నాలుగేళ్లు

కడపలో ఎక్కి తొక్కి చూసి కొనుక్కునేలా రోడ్ బైక్ నాకెక్కడా దొరకలేదు. బెంగళూరులో ఒకాయన సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముతుంటే ఫొటోలు చూసి 22 వేలకు బేరం కుదుర్చుకున్నాను. ఫ్రేము సైజు 56 (సెంటీమీటర్ల లెక్కలో) అన్నాడు. నా ఎత్తు 170 సెంటీమీటర్లు. పెద్దదవుతుందేమో అని అడిగితే, "సీటు దించుకుంటే సరిపోతుంది బ్రో" అన్నాడు. ఆ మాట నమ్మినందుకు ఏడాది పాటు మెడనొప్పి పడ్డాను.

కంపెనీ పేరు చెప్పను, తప్పు సైకిల్‌ది కాదు కాబట్టి. అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, షిమానో క్లారిస్ గేర్లు, అన్నీ బాగానే ఉండేవి. తెచ్చిన రోజే సీటు దించాను, కాళ్లు అందాయి, సైజు గొడవ తీరిందనుకున్నాను. సీటు పోస్టు నాలుగు వేళ్ల మేర మాత్రమే బయటికి కనబడుతుంటే అప్పుడే అనుమానం రావాల్సింది. వారం తిరక్కుండానే ఏడురోడ్ల దగ్గర ఒక ఆటో అడ్డం వస్తే బ్రేకేసి ముందుకు దిగాను. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే పై గొట్టం, అంటే టాప్ ట్యూబ్, తగలరాని చోట తగిలింది. ఎంత నొప్పో చెప్పను.

అయినా అసలు బాధ అది కాదు, హ్యాండిల్ దూరం. ఒంటిమిట్ట దాకా పాతిక కిలోమీటర్లు, రోడ్డు పెద్ద ఎత్తుపల్లాలు లేనిదే. అయినా సగం దూరం వెళ్లేసరికి చిటికెన వేళ్లు తిమ్మిరెక్కేవి, భుజాల మధ్య ఎవరో మేకు కొట్టినట్టుండేది. బ్రేకుల మీది రబ్బరు పట్టులు (హుడ్స్) పట్టుకుంటే మోచేతులు కర్రల్లా బిగుసుకునేవి. గుంత వస్తే ఆ దెబ్బంతా నేరుగా మెడకే. మా వీధి చివర మెకానిక్ ఒకసారి నన్ను చూసి, "సైకిల్ తొక్కతాండావా, ఈత కొడతాండావా అన్నా?" అన్నాడు.

అప్పుడొక తెలివితక్కువ పని చేశాను. హ్యాండిల్ దగ్గరవుతుందని సీటును పట్టాల మీద పూర్తిగా ముందుకు జరిపాను. నెల తిరిగేలోపే మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. సీటు ముందు వెనకలు కుదుర్చుకోవాల్సింది పెడల్‌కీ మోకాలికీ పొంతన కోసం. హ్యాండిల్ అందట్లేదని దాన్ని కదిపితే ఆ భారం మోకాలి మీద పడుతుంది. తర్వాత హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ముక్కను, అంటే 100 మిల్లీమీటర్ల స్టెమ్‌ను, తీసేసి 70ది వేయించాను. మెడకు కొంత ఊరట దొరికింది గానీ హ్యాండిల్ అతి చురుగ్గా తయారైంది. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు పక్కనుంచి లారీ వెళ్తే సైకిల్ వణికేది, నేనూ వణికేవాణ్ణి.

ఇంక చాలనిపించి ఇంట్లో కొలతలు తీసుకున్నాను. చెప్పుల్లేకుండా బండల మీద గోడకు ఆనుకుని నిలబడి, ఒక లావు పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటులా పైకి గట్టిగా నొక్కి, దాని పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టాలి. నేల నుంచి ఆ గీతకు నాకు 78 సెంటీమీటర్లు వచ్చింది. మూడుసార్లు కొలిచాను. టైలర్ ప్యాంటుకు తీసే లోపలి కొలత దీనికి పనికిరాదు, నాకైతే నాలుగు సెంటీమీటర్లు తేడా వచ్చింది. 78ని 0.67తో గుణిస్తే 52. టాప్ ట్యూబ్ నేలకు సమాంతరంగా ఉండే పాతకాలం ఫ్రేములకు సుమారు సైజు అదీ. 0.883తో గుణిస్తే 69, అంటే పెడల్ కాడలు తిరిగే క్రాంక్ ఇరుసు మధ్య నుంచి సీటు పైకి ఉండాల్సిన ఎత్తు. ఈ రెండోది నాకు దాదాపు అచ్చంగా సరిపోయింది.

మొదటి లెక్కను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. 1990ల చివర్లో జెయింట్ కంపెనీ టీసీఆర్ మోడల్‌తో టాప్ ట్యూబ్‌ను వెనక్కి వాల్చాక సీటు గొట్టం పొడవుకి పెద్ద అర్థం లేకుండా పోయింది. ఒక కంపెనీ 52, ఇంకో కంపెనీ 54, మరొకరి ఎస్ సైజు ఒకటే కావచ్చు, కాకపోనూవచ్చు. అందుకే వెబ్‌సైట్‌లో ఉండే ఫ్రేము కొలతల (జామెట్రీ) పట్టిక తెరిచి స్టాక్, రీచ్ చూడండి. క్రాంక్ ఇరుసు మధ్య నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం) పైభాగం ఎంత ఎత్తులో ఉందో చెప్పేది స్టాక్, ఎంత ముందుకుందో చెప్పేది రీచ్. స్టెమ్ మార్చి ఒకటి రెండు సెంటీమీటర్లు సర్దుకోవచ్చు, నాలాగా మూడు లాగితే మాత్రం సైకిల్ గుణమే మారిపోతుంది. రెండు సైజుల మధ్య ఊగుతుంటే నేనైతే చిన్నదే తీసుకోమంటాను. చిన్నదాన్ని కొంచెం సాగదీయొచ్చు, పెద్దదాన్ని కుదించలేం.

56ని ఆరు వేల నష్టానికి ఆరడుగుల పొడవున్న ఒక కాలేజీ కుర్రాడికి అమ్మేశాను. అతనికి అది కుట్టించినట్టు సరిపోయింది. నేను 52 కొన్నాను, మళ్లీ సెకండ్‌హ్యాండే, కానీ ఈసారి టేపు తీసుకుని బెంగళూరు వెళ్లి తొక్కి చూశాకే డబ్బులిచ్చాను. పాతదాని కంటే టాప్ ట్యూబ్ మూడున్నర సెంటీమీటర్లు పొట్టి. వేళ్ల తిమ్మిరి మొదటి వారంలోనే పోయింది. మెడనొప్పి పూర్తిగా పోవడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఘాట్ ఎక్కి, గువ్వలచెరువులో పాలకోవా తిని, మధ్యాహ్నం కాకముందే ఇంటికొచ్చేస్తున్నాను.

చిన్న ఫ్రేముతో చిక్కులూ ఉన్నాయి. నెమ్మదిగా యూటర్న్ తిప్పేటప్పుడు బూటు కొన ముందు చక్రానికి తగులుతుంది. మొదట్లో ఒకసారి పడబోయాను కూడా. హ్యాండిల్ కిందికుంది కాబట్టి స్టెమ్ కింద మూడు స్పేసర్లు (ఎత్తు పెంచే రింగులు) వేయించాను, చూడ్డానికి అంత అందంగా ఉండదు. అన్నిటికంటే నాకు విసుగు తెప్పించేది నీళ్ల బాటిల్. ఫ్రేము మధ్య ఖాళీ చిన్నది, సీటు గొట్టానికి లీటరు బాటిల్ పట్టదు, అరలీటరుదే పడుతుంది. మే నెలలో ఇంకొకటి వెనక జేబులో పెట్టుకుంటాను. ఘాట్ పైకి చేరేసరికి ఆ నీళ్లతో టీ పెట్టుకోవచ్చు.