ఒక్క ఇన్‌స్ట్రుమెంటా, చాలానా?

ఒక ఏడాది ఎక్కువ చదివితే జీతం ఎంత పెరుగుతుంది? ఆర్థికవేత్తలు ఆంగ్రిస్ట్, క్రూగర్ 1991లో అమెరికా జనగణన లెక్కలతో దీన్ని వెతికారు. ఏ త్రైమాసికంలో పుట్టారన్నదే వారి ఇన్‌స్ట్రుమెంట్, అంటే చదువును కదిలిస్తూ, చదువు ద్వారా తప్ప జీతాన్ని తాకని అంశం. ఏడాది మొదట్లో పుట్టినవారు కాస్త పెద్ద వయసులో బడిలో చేరతారు, నిర్బంధ చదువు వయసు దాటగానే తక్కువ చదువుతోనే మానేయగలరు. పుట్టిన ఏడాది, రాష్ట్రాలతో గుణిస్తే ఇన్‌స్ట్రుమెంట్లు 180 వరకు పెరిగాయి.

కచ్చితత్వం: ఒక్కటైతే అంచనా ఊగుతుంది; చాలా ఉంటే నిలకడ వస్తుంది.

శ్రమ: ఒక్కదాన్ని సమర్థిస్తే చాలు, చాలా ఉంటే జీతాన్ని నేరుగా తాకదని ప్రతిదానికీ ఒప్పించాలి.

తనిఖీ: ఒక్కటైతే సార్గన్ పరీక్షకు (ఇన్‌స్ట్రుమెంట్లు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూసేది) వీల్లేదు.

ముప్పు: అసలు భయం ఇక్కడే. బలహీనమైనవి, అంటే చదువును కొద్దిగానే కదిలించేవి పోగుపడితే రెండంచెల అంచనా (ముందు ఇన్‌స్ట్రుమెంట్లతో చదువును, తర్వాత దానితో జీతాన్ని లెక్కించేది) ఇన్‌స్ట్రుమెంట్ లేని మామూలు రిగ్రెషన్ వైపు జారుతుంది. 1995లో బౌండ్, జేగర్, బేకర్ పుట్టిన త్రైమాసికాన్ని యాదృచ్ఛికంగా కల్పించి పెట్టినా, నమ్మదగినట్టు కనిపించే ఫలితమే వచ్చింది. అంచనా ఎంత ఊగవచ్చో చెప్పే ప్రామాణిక దోషం కూడా ఏ హెచ్చరికా చేయలేదు!

బలమైనది ఒకటి దొరికితే దానితోనే ఆగండి. వేర్వేరు విధానాల నుంచి బలమైనవి మూడు నాలుగు ఉంటే కలపండి; ఒక్కొక్కటీ వేరే మనుషులను కదిలిస్తుంది కాబట్టి విడివిడి ఫలితాలూ చూపండి. అన్నీ బలహీనమైనవే అయితే సంఖ్య పెంచకండి.