బ్లోవర్ మోటారు: కార్బన్లు మార్పిస్తే సరిపోతుందా, కొత్తదే వేయించాలా?

ఎండలు ముదిరేసరికి అందరూ అడిగేది ఇదే: కారులో ఏసీ వేస్తే గాలి రావట్లేదు, ఆ గాలిని తోసే బ్లోవర్ మోటారు పోయిందన్నారు, రిపేరు మేలా, కొత్తది మేలా? చాలామంది రేటు చూసి తేల్చేస్తారు. చూడాల్సింది మోటారు ఎంత కరెంటు లాగుతోందన్నది.

ముందు తప్పు మోటారుదేనా అన్నది ఖాయం చేసుకోండి. మాన్యువల్ ఏసీలో ఒకటి, రెండు, మూడు స్పీడుల్లో గాలి రాక, నాలుగులో మాత్రం జోరుగా వస్తుంటే మోటారు బాగానే ఉన్నట్టు. పోయింది చాలావరకు స్పీడు తగ్గించే రెసిస్టరే, ఎందుకంటే నాలుగో స్పీడులో కరెంటు దాని గుండా పోదు. ఏ స్పీడులోనూ గాలి రాకపోతే ఫ్యూజు, రిలే చూసి, ఆపైన గ్లవ్‌బాక్స్ వెనక ఉన్న మోటారు కనెక్టర్ దగ్గరికి రావాలి. స్విచ్ ఫుల్‌లో పెట్టి, కనెక్టర్ పీకకుండానే వెనక వైపు నుంచి రెండు వైర్ల మీదా మీటర్ పెట్టండి. 12 వోల్టులు వస్తున్నా తిరగట్లేదంటే మోటారుదే తప్పు. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టగానే తిరిగిందంటే కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న దిమ్మలు) అరిగిపోయాయి.

తిరుగుతున్న మోటారైతే ఫుల్ స్పీడులో కరెంటు కొలవాలి. దీనికి డీసీ కొలిచే క్లాంప్ మీటరే (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) కావాలి. ఇంటి వైరింగ్ పని చేసేవాళ్ల దగ్గర ఎక్కువగా ఉండే, ఇంటి కరెంటు (ఆల్టర్నేటింగ్ కరెంటు) మాత్రమే కొలిచే క్లాంప్ ఇక్కడ పనికిరాదు. మామూలు మల్టీమీటర్‌ను వరసలో కలిపితే పది ఆంపియర్లు దాటగానే లోపలి ఫ్యూజు కొట్టేస్తుంది. చిన్న కార్లలో దాదాపు 12 నుంచి 18 ఆంపియర్ల లోపు ఉంటే ఫరవాలేదు. 22, 25 చూపిస్తుంటే షాఫ్ట్ తిరిగే బుష్‌లు బిగుసుకున్నాయి, లేదా ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్ట) లోపల షార్టయింది. ఇది ఎందుకంత ముఖ్యమంటే, కనెక్టర్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 ఆంపియర్లు కాస్తా 21 అయితే వేడి దాదాపు రెట్టింపు. కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కరగడం, కొత్త రెసిస్టర్ వేసిన కొద్ది నెలలకే మళ్లీ పోవడం, స్విచ్ మాడిపోవడం, వీటిలో చాలావాటి వెనక ఈ బరువెక్కిన మోటారే ఉంటుంది. ఫ్యూజు కొడుతోందని ఇంకా పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కాలేది వైరు.

అందుకే కార్బన్లు మార్పించడం ఒక్క సందర్భంలోనే మేలు. కరెంటు మామూలుగా ఉండాలి, విప్పి చూస్తే కమ్యూటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల చుట్టు) నున్నగా, కాఫీరంగులో ఉండాలి. గోరు తట్టేంత గాడి పడినా, రాగి పట్టీల మీద నల్లటి కాలిన మచ్చలున్నా కొత్త కార్బన్లు నిలవవు. కార్బన్ రకం కూడా చూడాలి. పన్నెండు వోల్టుల మోటారుకు రాగి కలిసిన కార్బన్ కావాలి, అరగదీస్తే ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. మిక్సీ కార్బన్‌ను ఆకురాయితో అరగదీసి ఇరికిస్తే తిరుగుతుంది గానీ, దాని నిరోధం ఎక్కువ కాబట్టి వేడెక్కి స్ప్రింగ్ మెత్తబడుతుంది. కీచుమనే శబ్దం ఒక్కటే సమస్య అయితే కార్బన్లతో పనిలేదు. బుష్‌లో కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు చాలు. ఎక్కువ పోస్తే కార్బన్ పొడితో కలిసి ముద్దయి పట్టీల మధ్య పేరుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రే వద్దే వద్దు, బుష్‌లో ఇంకి ఉన్న నూనెను అది కడిగేస్తుంది.

మిగతా అన్ని సందర్భాల్లో నా ఓటు ఫ్యాన్‌తో కలిపి వచ్చే కంపెనీ మోటారుకే. ఆ ఫ్యాన్‌ను షాఫ్ట్ మీద ఉంచే బ్యాలెన్స్ చేస్తారు. రెక్కల మీద కనిపించే చిన్న ఇనుప క్లిప్పులు అందుకోసం పెట్టినవే, చెత్తనుకుని పీకేయకండి. పాత ఫ్యాన్ తీసి కొత్త మోటారుకు ఎక్కిస్తే ఆ లెక్క తప్పుతుంది, వణుకుతో బుష్‌లు తొందరగా అరుగుతాయి.

లోకల్ మోటారు వేయించక తప్పకపోతే తిరిగే దిక్కు చూడండి. వైర్లు తారుమారైనా ఈ రకం ఫ్యాన్ గాలిని అటే నెడుతుంది, కాకపోతే బాగా తక్కువగా. మోటారు తిరుగుతోంది కదా అని గ్యాస్ తగ్గిందనుకుని నింపించేవాళ్లున్నారు. స్క్రాప్‌లో దొరికే పాత మోటారు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. షాఫ్ట్ పట్టుకుని పక్కలకు కదిపితే ఆడకూడదు, అంతే.

ఏది వేయించినా చాలా కార్లలో పని ఒకటే: బ్యాటరీ నెగటివ్ తీసి, గ్లవ్‌బాక్స్ దించి, కనెక్టర్ ఊడదీసి, మూడు స్క్రూలు విప్పితే మోటారు కిందికి జారుతుంది. ఆ ఖాళీలోంచి ఎండుటాకులు, ఎలుక తెచ్చిపెట్టిన దూది తీసేయండి. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే మార్చండి, రెసిస్టర్‌ను చల్లబరిచేది ఆ గాలే. మోటారు మీద నీటి చారలుంటే వైపర్ల కింద తొట్టిలా ఉండే కౌల్‌లోని నీరు పోయే రంధ్రాలు శుభ్రం చేయించాలి, లేకపోతే వానాకాలంలో కొత్తదీ తుప్పు పడుతుంది. బిగించాక పది నిమిషాలు ఫుల్ స్పీడులో తిప్పి ఆపి, కనెక్టర్‌ను వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే, చుర్రుమంటే పిన్నులతో సహా కనెక్టర్ మార్చేవరకు బండి అప్పగించుకోకండి.