మొదటి సీజన్ రగ్బీ జట్టుకి బయటి ఊరి మ్యాచ్: బస, బస్సు, మైదానం

బిజినెస్ స్కూల్‌లో కొత్తగా కట్టిన రగ్బీ జట్టు బయటి ఊరు వెళ్లి చిత్తుగా ఓడిపోతే అందరూ స్క్రమ్‌ని (రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది ఒకరినొకరు పట్టుకుని ఎదురెదురుగా తోసుకునే ఘట్టం) తిడతారు. చాలాసార్లు తిట్టాల్సింది బసని. 24 మందికి 12 గదులని మాటిచ్చి, రాత్రి పదకొండింటికి బస్సు దిగాక "తొమ్మిదే ఖాళీ ఉన్నాయి, మిగతావాళ్లకి కింద పరుపులు వేయిస్తాం" అనే హోటళ్లు ఉంటాయి. 110 కిలోల ప్రాప్ (స్క్రమ్ ముందు వరుసలో అంచున నిలిచే ఆటగాడు) పలచటి పరుపు మీద పడుకుని పొద్దున్నే మెడ పట్టేసి లేస్తాడు. కొన్ని గంటల్లో అదే మెడ, భుజాల మీద రెండు వైపుల తోపూ పడుతుంది. ఇది అసౌకర్యంతో పోయే విషయం కాదు, గాయం దాకా తీసుకెళ్తుంది.

అందుకే గదుల సంఖ్య మాటతో సరిపెట్టుకోకండి. ఏ గదిలో ఎవరో పేర్ల జాబితా ముందే పంపి, గది నంబర్లతో రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. మొత్తం డబ్బు ముందే కట్టేస్తే గొడవపడే బలం ఉండదు. కొంత అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది తాళాలు చేతికొచ్చాకే ఇవ్వండి.

హోటల్ ఎంపికలో నక్షత్రాలు, ఫొటోలు చూడటం ఈ ప్రయాణానికి పనికిరాదు. అడగాల్సినవి వేరు. మైదానానికి ఎంత దూరం? లిఫ్ట్ ఉందా? 80 నిమిషాలు ఆడినవాడికి మూడో అంతస్తు మెట్లు నరకం. తడి బట్టలు ఎక్కడ ఆరేయాలి? పొద్దున టిఫిన్ ఎన్నింటికి మొదలు? పది గంటలకి కిక్-ఆఫ్ అయితే కడుపునిండా తినే పని ఏడింటికల్లా అయిపోవాలి. ఎనిమిదికి తెరిచే బఫే ఎంత గొప్పదైనా జట్టుకి దండగే. ముందురోజు రాత్రే పొట్లాలు కట్టించి ఇస్తారా అని అడగండి. ఒప్పుకోకపోతే ఆ హోటల్ వదిలేయండి.

చెక్-అవుట్ దగ్గర ఇంకో దెబ్బ. పదకొండుకి గదులు ఖాళీ చేయాలి, రెండింటికి మ్యాచ్. ఆట అయ్యాక బురదతో ఎక్కడికి పోవాలి? సాయంత్రం దాకా రెండు గదులు ఉంచుకుంటే సరిపోతుందని అనుకుంటారు. లెక్క వేయండి: 22 మంది, రెండు స్నానాల గదులు, మనిషికి ఆరు నిమిషాలు అంటే 66 నిమిషాలు. 25 లీటర్ల గీజర్ అయితే ఇద్దరు ముగ్గురి తర్వాత చన్నీళ్లే. నాలుగు గదులు ఉంచుకుంటే 36 నిమిషాల్లో అయిపోతుంది. మైదానం దగ్గరే షవర్లు ఉంటే ఈ ఖర్చే అక్కర్లేదు. కానీ షవర్లు ఉన్నాయి అన్న మాటకి, వాటిలో నీళ్లు వస్తున్నాయి అన్న మాటకి మధ్య తేడా ఉంది. రెండోది అడగండి.

మైదానం పక్కనే ఏదైనా యూనివర్సిటీ డార్మిటరీ దొరికితే, ఊరి నడిబొడ్డున ఉన్న మంచి హోటల్ కన్నా మా ఓటు దానికే. నేల కడుక్కోవచ్చు, బూట్లు వరండాలో పెట్టుకోవచ్చు, జట్టంతా ఒకచోట ఉంటుంది. లోపం మంచాలు. రెండంతస్తుల మంచమైతే ఎత్తుగా ఉండే లాక్‌లకి (స్క్రమ్ రెండో వరుస ఆటగాళ్లు) కింది మంచాలే ఇవ్వండి. కాళ్ల వైపు ఇనుప చట్రం లేని మంచం చూసుకోండి, లేకపోతే రాత్రంతా ముడుచుకునే పడుకుంటారు. ప్రయాణం మూడు గంటల లోపు, కిక్-ఆఫ్ మధ్యాహ్నం అయితే బసే వద్దు. పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చేయడం మేలు.

శని, ఆదివారాల్లో వరసగా ఆటలుంటే తడి బూట్లలో వార్తాపత్రికలు కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. హీటర్ పక్కన పెడితే తోలు బిర్రబిగిసి పగుళ్లొస్తాయి, అడుగున అంటించిన జిగురు ఊడుతుంది. కొత్త ఆటగాళ్లు చాలామంది ఈ తప్పే చేస్తారు.

బస్సు విషయంలో సీట్లు లెక్కపెట్టి సంతోషపడకండి. పది బంతులు, ట్యాకిల్ (బంతి పట్టుకున్నవాణ్ణి పట్టి పడేయడం) సాధనకి వాడే మెత్తటి షీల్డులు ఆరు, మూలల జెండాలు, ప్రథమ చికిత్స పెట్టె, మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్లు: వీటికి కింద డిక్కీలో చోటుందా చూడండి. 24 మందికి 24 సీట్ల బస్సు చాలదు. డ్రైవర్ గురించి గట్టిగా అడగండి. తెల్లవారుజామున నడిపి, పగలంతా ఎండలో బస్సులోనే కూర్చుని, రాత్రి మళ్లీ నడిపేది ఒక్కడే అయితే తిరుగు ప్రయాణం ప్రమాదకరం. రెండో డ్రైవర్‌ని మాట్లాడండి, లేదా ఆయనకీ పడుకోవడానికి ఒక గది తీయండి. ఆ ఖర్చు దగ్గర బేరం ఆడకండి.

తలా ఖర్చు పెరిగేది మనుషులు తగ్గడం వల్ల. 28 మంది లెక్కన మాట్లాడిన బస్సు 19 మందితో కదిలితే ఒక్కొక్కరి వాటా దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. బిజినెస్ స్కూల్‌లో ఇది తప్పదు: గురువారం సాయంత్రం ఎవరికో ఇంటర్వ్యూ పిలుపు వస్తుంది, ఇంకొకరికి గ్రూప్ ప్రాజెక్ట్ గడువు ముందుకి జరుగుతుంది. పేరు ఇచ్చిన రోజే డబ్బు తీసుకోండి, వెనక్కి ఇవ్వబోమని అప్పుడే చెప్పండి.

డబ్బు కన్నా పెద్ద నష్టం స్క్రమ్ ముందు వరుసలో. వరల్డ్ రగ్బీ (ఈ ఆటకి అంతర్జాతీయ సంస్థ) నియమాల ప్రకారం జట్టులో 16 నుంచి 18 మంది ఉంటే ముందు వరుసలో ఆడగలిగినవాళ్లు నలుగురు, 19 నుంచి 22 ఉంటే ఐదుగురు, 23 ఉంటే ఆరుగురు ఉండాలి. స్థానిక పోటీల్లో కొద్దిగా తేడా ఉండొచ్చు, నిర్వాహకులని అడగండి. ఇద్దరు ప్రాప్‌లు ఆగిపోతే తోపు లేని స్క్రమ్‌లతో ఆడాల్సి రావచ్చు. ఆ సంగతి గురువారమే అవతలి జట్టుకి, రెఫరీకి చెప్పేయండి. బలంగా ఉన్నాడు కదా అని శిక్షణ లేనివాణ్ణి మాత్రం ముందు వరుసలో నిలబెట్టకండి. స్క్రమ్ కూలితే మెడ విరిగే ప్రమాదం ఉంది.

మైదానం చేరగానే వార్మప్ కాదు, ముందు చుట్టూ నడవండి. గోల్ స్తంభాలకి మెత్తటి కవర్లు ఉన్నాయా? గీత బయట కనీసం ఐదు మీటర్ల ఖాళీ ఉందా, లేక సిమెంటు కాలువ, కంచె ఉన్నాయా? క్రికెట్ మైదానంలో ఆడిస్తే నడుమ గట్టి పిచ్ ఉంటుంది, దాని మీద ట్యాకిల్ పడితే భుజం పోతుంది. కృత్రిమ గడ్డి అయితే ఇనుప స్టడ్స్ ఒప్పుకోకపోవచ్చు, రబ్బరు అడుగు ఉన్న బూట్లు కూడా తెచ్చుకోమనండి. మోకాళ్లు చెక్కుకుపోకుండా వాజిలిన్ రాయాలి.

వైద్య సేవ గురించి "అంబులెన్స్ ఉంటుంది" అన్న జవాబుతో ఆగకండి. మైదానంలోకి బండి వచ్చే గేటు చూడండి. చాలాచోట్ల ఆ గేటుకి గొలుసు, గొలుసుకి తుప్పుపట్టిన తాళం ఉంటాయి, తాళంచెవి ఉన్న కాపలాదారు భోజనానికి వెళ్లి ఉంటాడు. కిక్-ఆఫ్‌కి ముందే తాళం తీయించి, తలుపు తెరిచి చూసి, మళ్లీ దగ్గరకి వేయండి. అది తెరవకుండా ఆట మొదలుపెట్టనివ్వకండి.

ఇక మంచి మాట. ఆట అయ్యాక ఆతిథ్య జట్టు అతిథులకి భోజనం పెట్టడం రగ్బీ ఆనవాయితీ. ఇప్పటిదాకా కొట్టుకున్న రెండు ముందు వరుసలు ఒకే బల్ల దగ్గర కూర్చుని, చేయి ఎక్కడ పట్టాలో, మెడ ఎలా నిలపాలో కొత్తవాళ్లకి చూపిస్తాయి. ఎన్ని ప్రాక్టీసులు పెట్టినా రాని విద్య అక్కడ దొరుకుతుంది. ఓడి మాట్లాడకుండా కూర్చున్నవాళ్లు కూడా రెండు ముద్దలు దిగాక నవ్వుతారు. బస్సుని ఆట ముగిసిన గంటకే కదిలించే జట్లు ఇది పోగొట్టుకుంటాయి. రెండున్నర గంటలు ఆపండి.

తిరుగు బస్సులో తలకి దెబ్బ తగిలినవాణ్ణి వెనక సీట్లో ఒంటరిగా పడుకోనివ్వకండి. పక్కన ఒకరు కూర్చోవాలి. వాంతులు, పెరిగే తలనొప్పి, మాట తడబడటం కనిపిస్తే బస్సు నేరుగా ఆస్పత్రికే. ఆ రాత్రి గదిలో కూడా తోడు ఉండాలి. తర్వాతి మ్యాచ్ జాబితాలోంచి కనీసం 21 రోజులపాటు అతని పేరు తీసేయండి. సోమవారం పరీక్ష ఉంటే వాయిదా కోరుతూ జట్టు మేనేజర్ బస్సులోంచే ఉత్తరం రాసి పంపాలి.