సూది పక్కన పెట్టిన కటింకా: ‘క్రానెస్ కొండిటోరి’ (1951)

ఉత్తర నార్వేలోని ఒక చిన్న ఊళ్లో ఉత్సవాలు దగ్గర పడుతున్నాయి. పెద్దింటి ఆడవాళ్ల గౌన్లన్నీ కుట్టి ఇవ్వవలసిన కటింకా స్టూర్దాల్ మాత్రం పని వదిలేసి, క్రానె గారి కాఫీ హోటల్ వెనక గదిలో స్వీడన్ నుంచి వచ్చిన ఒక అపరిచితుడితో మనసు విప్పి మాట్లాడుతూ కూర్చుంటుంది. కథ ఇంతే. విశాఖ ఎంవీపీ కాలనీలో మిత్రులం కలిసి చూసిన ‘క్రానెస్ కొండిటోరి’ (క్రానె గారి కాఫీ హోటల్) అనే ఈ నలుపు తెలుపు ప్రేమకథా చిత్రం ఇంత చిన్న సంఘటన మీద ఒక ఊరి స్వభావాన్నంతా నిలబెట్టిన తీరు నన్ను కట్టిపడేసింది.

నార్వే రచయిత్రి కోరా సాండెల్ నవలను తెరకెక్కించినవారు డెన్మార్క్ దర్శకురాలు ఆస్ట్రిడ్ హెన్నింగ్-యెన్సెన్. తర్వాత 1979లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకత్వానికి వెండి ఎలుగుబంటి (సిల్వర్ బేర్) పురస్కారం అందుకున్నది ఈవిడే. భర్త నుంచి విడిపోయి, ఇద్దరు పిల్లలను సూది మీదే పెంచుతున్న కటింకాగా రొన్లౌగ్ ఆల్టెన్, ఆ అపరిచితుడిగా స్వీడన్ నటుడు ఎరిక్ హెల్ నటించారు.

సంక్రాంతి ముందు డాబాగార్డెన్స్‌లో ఏ లేడీస్ టైలర్ దగ్గరికి వెళ్లినా, మెడలో టేపు వేసుకుని తల ఎత్తకుండా కుడుతున్న మనిషి చుట్టూ నలుగురు నిలబడి ‘ఏమ్మా, నా జాకెట్టు ఎంతవరకు వచ్చింది?’ అని అడుగుతుంటారు తప్ప, ఆమె అన్నం తిన్నదో లేదో ఎవరూ అడగరు. కటింకా కోసం ఒకరి తర్వాత ఒకరుగా హోటలుకు వచ్చేవాళ్లూ అటువంటివాళ్లే. వాళ్లు పైకి చెప్పేది ఆమె పరువు గురించి, లోపల బెంగ మాత్రం తమ గౌను గురించి. ఈ రెండింటినీ ఒకే సంభాషణలో వినిపించడమే ఈ సినిమాలోని అసలు పనితనం. ప్రేమ కూడా ఇక్కడ పాటల్లోనో కౌగిళ్లలోనో లేదు. ఇన్నేళ్లకు ఒక మనిషి తన మాట చివరిదాకా విన్నాడన్న తెరిపిలో ఉంది.

లోపం లేకపోలేదు. ఈ నవలను నార్వే నాటకకర్త హెల్గే క్రోగ్ అప్పటికే నాటకంగా మలిచారు. సినిమాలోనూ ఆ రంగస్థలపు వాసన పూర్తిగా పోలేదు. ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్యే మాటలతో నడవడం వల్ల, సబ్‌టైటిళ్లు చదువుకుంటూ చూసేవారికి మొదట్లో ఓపిక కావాలి.

కటింకాను అందరికంటే గట్టిగా వెనక్కి లాగేది ఊరు కాదు, కన్నపిల్లలే. వాళ్ల అవసరాలు నిజమైనవే గనుక ఆమెను సమర్థించడం మనకూ తేలిక కాదు, దర్శకురాలు తేలిక చేయనూ లేదు. మా మిత్రుల్లో ఒకరు ‘పిల్లల గతేమిటి?’ అని నిలదీస్తే, ఆ ప్రశ్న వాళ్ల తండ్రిని ఎందుకు అడగరని ఇంకొకరు ఎదురు ప్రశ్న వేశారు. ఆ వాదన రాత్రి పొద్దుపోయేదాకా సాగింది. ముగింపు ఇక్కడ చెప్పను. ఎలిజబెత్ రోకన్ ఇంగ్లీషు అనువాదంలో నవల కూడా ఉంది గానీ, ముందు సినిమా చూసి ఆ తర్వాతే దాన్ని చదవమని నా సలహా.