బైబరీకి టూర్ బస్సులో మాత్రం వెళ్లకండి

ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ అనే కొండ ప్రాంతపు పల్లెలు చూపిస్తామని లండన్‌లో ఒక టూర్ కంపెనీ మనిషికి 92 పౌండ్లు తీసుకుంది. నలుగురికి 368. ఆ పల్లెల్లో ఒకటైన బైబరీలో గంటన్నర ఆపుతామని టికెట్ మీదే రాసి ఉంది. ఆపింది 35 నిమిషాలు, అందులో పావుగంట టాయిలెట్ క్యూలోనే పోయింది.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెల్లగా నడిచి, కోల్న్ నది మీది చిన్న వంతెన దాటి ఆర్లింగ్టన్ రో అనే పాత రాతి ఇళ్ల వరుస దగ్గరికి చేరేసరికి గైడ్ వాచీ చూపిస్తూ వెనక్కి పిలవడం మొదలుపెట్టాడు. ఇంకాసేపు ఆగమంటే, "ఫొటో తీసుకున్నారుగా, ఇంకేం ఉంది?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మంగళగిరిలో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. ఆ ఇళ్లలో ఒకప్పుడు నేతగాళ్లు ఉండేవారన్న ఒక్క ముక్క కూడా అతను చెప్పలేదు. తమ్ముడు ఫోన్‌లో చదివి చెప్పేలోపు బస్సు కదిలింది. దారంతా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు.

తమ్ముడు ఉండేది రెడింగ్‌లో. ఆ శనివారమే మళ్లీ బైబరీకి కారు తీశాడు. పెట్రోలుకు 19 పౌండ్లు అయింది. పొద్దున్నే లేపినందుకు మరదలు ముఖం ముడుచుకుంది గానీ, ఎనిమిదిన్నరకు చేరేసరికి ఊళ్లో ఒక్క బస్సు లేదు.

ఆర్లింగ్టన్ రో 1380 ప్రాంతంలో క్రైస్తవ మఠం వాళ్లు ఉన్ని దాచుకోవడానికి కట్టిన కొట్టు. 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. ఎదురుగా ర్యాక్ ఐల్ అనే చిత్తడి నేల ఉంది. నేసిన ఉన్ని బట్టను అక్కడ చట్రాల మీద ఆరేసేవారట. అమ్మ ప్రతి ఇంటి ముందూ ఆగింది. "ఇంత చిన్న కిటికీలైతే మగ్గం మీదికి వెలుగు ఎట్లా వచ్చేదిరా? పోగు తెగితే ఎట్లా కనపడేది?" అంది. నాకు తట్టని ప్రశ్న అది. ఇప్పుడా ఇళ్లు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఆస్తి. లోపల జనం కాపురాలు ఉంటున్నారు, దయచేసి కిటికీల్లోకి తొంగిచూడకండి.

టీ, స్కోన్లకు (చిన్న బన్నుల్లాంటివి) నలుగురికి 31 పౌండ్ల 60 పెన్నీలు. రెండూ చప్పగా ఉన్నాయి, ఆ డబ్బు దండగ. 1902 నుంచి ఉన్న ట్రౌట్ చేపల ఫారంలో తాజా చేపలు కొనుక్కోవడం మాత్రం మానకండి. ఆ రాత్రి అమ్మ చింతపండు పులుసు పెట్టింది. ముక్క మెత్తన, నీచు వాసన తక్కువ. మరదలు రెండోసారి వడ్డించుకుంది.

పదింటికల్లా బస్సులు దిగుతాయి, తొమ్మిది లోపే చేరండి. కారు లేనివాళ్లు లండన్ ప్యాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కి కెంబుల్ స్టేషన్‌లో దిగి టాక్సీ చేసుకోవచ్చు, అదీ ముందే మాట్లాడుకోండి. టూర్ కంపెనీకి టికెట్ ఫొటోతో మెయిల్ పెట్టాను. రోడ్డు రద్దీ వాళ్ల చేతుల్లో లేదట, ఒక్క పౌండు కూడా వెనక్కి ఇవ్వలేదు.