7 పడగలు, 42 పాయింట్లు: 1974 నాటి ‘మాన్‌స్టర్స్ అండ్ ట్రెజర్’ సమీక్ష

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రచించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే, ఆటగాళ్లు కథలోని పాత్రలుగా మారి పాచికలతో ఆడే సాహస క్రీడ 1974లో మూడు చిన్న పుస్తకాలుగా వెలువడింది. వాటిలో రెండవదైన, రాక్షసులను, నిధులను వివరించే ‘మాన్‌స్టర్స్ అండ్ ట్రెజర్’ను పీడీఎఫ్‌గా కొని, భీమవరంలో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించుకున్నాను. సెలవులకు అమలాపురం చేరే మా బంధువుల పిల్లలకు రిఫరీగా, అంటే కథను, రాక్షసులను నడిపేవాడిగా ఉండి దీనితోనే ఆట నడుపుతున్నాను. ఒక రాక్షసి ఎన్ని దెబ్బలకు పడిపోవాలో నిర్ణయించే పద్ధతి విషయంలో, తర్వాత వచ్చిన దళసరి పుస్తకాలేవీ దీనికి సాటిరావని నా అభిప్రాయం. అయితే ఆ పద్ధతిని ఈ పేజీల్లోంచి వెలికితీయడానికి మాత్రం చాలా ఓపిక కావాలి.

ఇందులో ప్రతి రాక్షసికి ‘హిట్ డైస్’ అనే ఒక సంఖ్య ఉంటుంది. ఆర్క్‌కు 1, ఓగర్‌కు 4+1, ట్రోల్‌కు 6+3. మొదటి అంకె ఎంతో అన్ని ఆరు ముఖాల పాచికలు వేసి, వచ్చిన మొత్తానికి ‘+’ పక్కనున్న అంకె కలిపితే దాని హిట్ పాయింట్లు, అంటే అది ఎంత దెబ్బ ఓర్చుకోగలదో తేలుతుంది. ఆటగాడి చేతిలో కత్తి ఉన్నా, గొడ్డలి ఉన్నా, తగిలిన దెబ్బకు పోయే పాయింట్లు కూడా ఒక ఆరు ముఖాల పాచిక మీదే ఆధారపడతాయి. ఈ రెండు పాచికలూ ఒకటే కావడంలోనే ఈ పద్ధతి బలమంతా ఉంది. పాచిక సగటు 3.5 కాబట్టి ట్రోల్‌కు సగటున 24 పాయింట్లు వస్తాయి, అంటే దాదాపు 7 దెబ్బలు గట్టిగా తగిలితే అది కూలుతుంది. రాక్షసి ఎదురుపడిన క్షణంలోనే, లెక్కల కాగితం వెతుక్కోకుండా, పోరు ఎంతసేపు సాగుతుందో రిఫరీ అంచనా వేయగలడు.

ఈ కొలత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని విలువ మరింత బోధపడుతుంది. గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 1971లో వెలువరించిన ‘చైన్‌మెయిల్’ అనే సైనిక యుద్ధ క్రీడలో సామాన్య సైనికుడు ఒక్క దెబ్బకే చనిపోతాడు, ఓగర్ మాత్రం 6 దెబ్బలు పోగయ్యేదాకా నిలబడుతుంది. ఒక మనిషిని చంపే దెబ్బే అక్కడ కొలమానం. హిట్ డైస్ ఆ కొలమానాన్నే నిలుపుకొని, దానికి పాచికల అనిశ్చితిని జోడించింది.

మా ప్రాంతంలో దీనికి మరొక సౌకర్యం కూడా ఉంది. ఆరు ముఖాల పాచికలు అమలాపురం బజారులో ఏ బొమ్మల దుకాణంలో అడిగినా లూడో పాచికలుగా దొరుకుతాయి. దెబ్బ తగిలిందో లేదో చూడటానికి వాడే ఇరవై ముఖాల పాచికను మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసి వచ్చింది.

పుస్తకంలో నాకు అన్నింటికంటే నచ్చినది పలు తలల రాక్షసి హైడ్రా. దాని ప్రతి తలా ఒక హిట్ డై, ఆ పాచికకు విలువ ఎప్పుడూ పూర్తిగా 6. ఏడు తలల హైడ్రాకు 42 పాయింట్లు ఉంటాయి, ప్రతి 6 పాయింట్ల దెబ్బకూ ఒక తల తెగిపడుతుంది. ఆరు తలలు పోయినా మిగిలిన ఒక్క తలా ఏడవ స్థాయి యోధుడి సత్తాతోనే పోరాడుతుంది. నేను దీన్ని కోరింగ మడ అడవుల్లో పాటు కాలువ పక్కన మాటు వేసిన ఏడు పడగల పాముగా మార్చి ఆడించాను. పాయింట్ల లెక్క నా కాగితం మీద దాచవలసిన అవసరం లేకపోవడంతో, “ఇంకెన్ని పడగలు మిగిలాయి బావా?” అని అడుగుతూ ఆటగాళ్లు తామే లెక్కపెట్టుకున్నారు. రెండు పడగలు మిగలగానే ఒకరు పడవలోకి వెనుదిరుగుదామన్నారు, మరొకరు పడగలు తగ్గినా కాటు తగ్గలేదని గమనించి వారిని సమర్థించారు. ఒక సంఖ్య ఆటగాళ్ల కంటికి కనిపించే శరీరంగా మారి, వారి నిర్ణయాలను నడిపించడం ఇంత సూటిగా మరే నియమంలోనూ నేను చూడలేదు.

ట్రోల్ కూడా తక్కువదేమీ కాదు. దెబ్బ తిన్న తర్వాత మూడవ రౌండు నుంచి దాని గాయాలు 3 పాయింట్ల చొప్పున మానుతూ వస్తాయి, ముక్కలు చేసినా కాల్చకపోతే లేదా ఆమ్లంలో ముంచకపోతే 6 పాయింట్లు కూడిన వెంటనే అది లేచి మళ్లీ మీదపడుతుంది. పైగా సామాన్య మనుషుల మీద అది హిట్ డైస్ ఎన్ని ఉంటే అన్ని సార్లు, అంటే ఆరుసార్లు దాడి చేస్తుంది, వాటిలో ఒక దాడికి మాత్రమే +3 కలుస్తుంది. ఎంత ఓర్చుకోగలదో, ఎంతగా కొట్టగలదో అదే సంఖ్య చెబుతుంది.

లోపాలు స్పష్టంగానే ఉన్నాయి. సంఖ్యల పట్టిక ఒకచోట, వర్ణన మరొకచోట ఉండటం వల్ల ఆట మధ్యలో పేజీలు తిప్పుతూనే ఉండాలి. చైన్‌మెయిల్ చదివినవారికి మాత్రమే అర్థమయ్యే వాక్యాలు చాలా ఉన్నాయి. కోబోల్డ్ అనే చిన్న రాక్షసిని గాబ్లిన్ అనే మరో రాక్షసిలాగే చూడమని చెప్పి, దాని ఓర్పు 1 నుంచి 3 వరకేనని, పాచికలో 1, 2 పడితే ఒకటి, 3, 4 పడితే రెండు అని సగం పాచిక లెక్కను వివరించిన తీరు మొదటిసారి చదివేవారిని తప్పక ఆపేస్తుంది.

1975లో వచ్చిన ‘గ్రేహాక్’ అనుబంధం రాక్షసుల పాచికను ఎనిమిది ముఖాలకు పెంచి, ఆయుధానికొక నష్టం నిర్ణయించింది. 1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’ కూడా ఎనిమిది ముఖాల పాచికనే అనుసరించింది. ఆయుధాల మధ్య తేడా రావడం మంచిదే, కానీ 6+3 ట్రోల్ సగటు 30కి చేరింది, నాలుగు ముఖాల పాచికతో కొట్టే బాకుకు అది పన్నెండు దెబ్బల పని అయింది. ఒక పాచిక ఒక దెబ్బ అనే లెక్క అక్కడ చెల్లదు. అందుకే మా ఆటలో గ్రేహాక్ నుంచి ఆయుధాల పట్టికను నేను తీసుకోలేదు.

కొనదలచినవారు ఈ ఒక్క పుస్తకంతో ఆట మొదలుపెట్టలేరు, ఎందుకంటే రాక్షసి దాడి ఎప్పుడు తగులుతుందో చెప్పే పట్టిక మొదటి పుస్తకంలో ఉంది. అదృష్టవశాత్తు పీడీఎఫ్‌లో మూడూ ఒకే కట్టగా వస్తాయి. ప్రింటు తీయించేటప్పుడు ఆ పట్టికను విడిగా లామినేషన్ చేయించుకుంటే చాలా శ్రమ తప్పుతుంది.